నక్కను పెంచిన శాస్త్రవేత్త.. హైదరాబాద్‌లోనే కన్నుమూత.. హెలెన్ హాల్డేన్ కథ తెలుసా?

విశాఖపట్నం: కుక్క తోక తొక్కిన గొడవలో ఉద్యోగం పోయింది. ఇరవై ఏళ్లు దాటాక, తాను పెంచుకున్న నక్క కరిచి ఏకంగా ప్రాణమే పోయింది. ఈ రెండు ఘటనల మధ్య ఆ శాస్త్రవేత్త ఇంగ్లండ్ వదిలి కలకత్తా వచ్చారు, అక్కడి నుంచి భువనేశ్వర్, చివరికి హైదరాబాద్ చేరారు. ఆమె పేరు హెలెన్ స్పర్వే. పెళ్లి తర్వాత హెలెన్ హాల్డేన్.

హాల్డేన్ అనగానే సైన్స్ చదివినవాళ్లకు గుర్తొచ్చేది ఆమె భర్త జేబీఎస్ హాల్డేన్. భూమి మీద జీవం తొలి సముద్రాల్లోని రసాయనాల నుంచి ఎలా పుట్టి ఉంటుందో 1929లోనే ఊహించి రాసిన బ్రిటిష్ శాస్త్రవేత్త ఆయన. అంత పెద్ద పేరు పక్కన ఉండటంతో హెలెన్ పేరు ఎప్పుడూ రెండో వరుసలోనే మిగిలిపోయింది. కానీ కుక్కకు, మనిషికి మధ్య ఆ బంధం అసలు ఎలా పుట్టిందన్న ప్రశ్న వెంట చివరిదాకా పరిగెత్తింది మాత్రం ఈమే.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో హాల్డేన్ దగ్గర విద్యార్థిగా చేరారు హెలెన్. ఈగలు, నీటి బల్లులు, గప్పీ చేపల మీద పరిశోధనలు చేశారు. అప్పుడే రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది.

ఇక్కడ విశాఖవాసులకు దగ్గరగా అనిపించే విషయం ఒకటుంది. 1939 జూన్ 1న ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ తీరానికి దగ్గర్లో థెటిస్ అనే కొత్త సబ్‌మెరైన్ ట్రయల్స్‌లో ఉండగానే మునిగిపోయింది. 99 మంది చనిపోయారు. లోపల చిక్కుకున్న మనిషి ఎంతసేపు ఊపిరి పీల్చగలడు, బయటికి వస్తే ఏమవుతుంది అని తేల్చడానికి హాల్డేన్ బృందం ప్రయోగాలు మొదలుపెట్టింది. ప్రయోగం జంతువుల మీద కాదు, తమ మీదే! ఇనుప చాంబర్‌లో కూర్చుని, ఒత్తిడి పెంచుకుంటూ, రకరకాల గాలులు పీల్చారు. ఫిట్స్ వచ్చినవాళ్లున్నారు. హాల్డేన్ వెన్నెముకకే దెబ్బ తగిలింది. ఆ చాంబర్‌లో కూర్చున్నవాళ్లలో హెలెన్ కూడా ఉన్నారు. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం లోపల ఇరుకు దారుల్లో తిరిగి వచ్చినవాళ్లకు, ఆ పరీక్షలు ఎందుకు అవసరమయ్యాయో వేరే చెప్పనక్కర్లేదు.

1945లో హాల్డేన్, హెలెన్ పెళ్లి చేసుకున్నారు. ఆ తర్వాత మగ చేప తోడు లేకుండానే గప్పీ చేప పిల్లల్ని పెట్టిందని హెలెన్ ప్రకటించడం బ్రిటన్ పేపర్లలో పెద్ద సంచలనమైంది. మనుషుల్లో కూడా అలా జరుగుతుందా అని ఒక పత్రిక ఏకంగా తల్లుల కోసం వేట మొదలుపెట్టింది. అది వేరే కథ.

అసలు ప్రశ్న ఇదీ..

1955లో హెలెన్ ఒక పెద్ద వ్యాసం ప్రచురించారు. విషయం ఏంటంటే.. అడవి జంతువు పెంపుడు జాతిగా ఎందుకు మారుతుంది? జంతువుల ప్రవర్తన మీద ఆస్ట్రియా శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ చెప్పిన ఆలోచనల్ని పరిణామ సిద్ధాంతంతో కలిపి చూడాలన్నది ఆమె ప్రయత్నం.

లోరెంజ్ అప్పటికే కుక్కల మీద ఒక పుస్తకం రాసి జనంలో బాగా పేరు తెచ్చుకున్నారు. చాలా రకాల కుక్కలకు మూలం తోడేలు కాదు, నక్క అని అందులో వాదించారు. నక్క నుంచి వచ్చిన కుక్కలు అందరితోనూ కలిసిపోతాయని, తోడేలు రక్తం ఎక్కువున్నవి ఒక్క యజమానికే ప్రాణమిస్తాయని ఆయన లెక్క. వినడానికి భలే ఉంటుంది. కుక్కల్ని పెంచినవాళ్లెవరికైనా తమ కుక్క ఏ కోవలోకి వస్తుందో వెంటనే పోల్చుకోవాలనిపిస్తుంది. అదే లోరెంజ్‌కు ఇంకో ముఖం కూడా ఉంది. 1938లో నాజీ పార్టీలో చేరి, పెంపుడు జంతువుల్లో వచ్చే మార్పుల్ని మనుషుల జాతి క్షీణతతో ముడిపెట్టి రాశారు. హాల్డేన్ ఆయన్ని గట్టిగానే విమర్శించారు. హెలెన్ మాత్రం ఆ ఆలోచనల్లో పనికొచ్చేది ఏమైనా ఉందా అని విడదీసి చూశారు. ఇంట్లో భార్యాభర్తల మధ్య ఈ విషయం మీద ఎన్ని వాదనలు జరిగి ఉంటాయో ఊహించుకోవచ్చు!

మరుసటి ఏడాదే కుక్క తోక వ్యవహారం. 1956లో లండన్‌లో కాలేజీకి దగ్గర్లోని పబ్ బయట హెలెన్ ఒక పోలీసు కుక్క తోక తొక్కారు. పోలీసులతో గొడవైంది. తాగి అల్లరి చేశారని కోర్టు జరిమానా వేసింది. కట్టనని మొండికేసి జైలుకెళ్లారు. కాలేజీ ఉద్యోగం పోయింది. జంతువుల ప్రవర్తన మీద అంత పరిశోధన చేసిన మనిషి కుక్క తోక దగ్గర ఇరుక్కోవడం విచిత్రమే. కానీ ఆ ఘటన లేకపోతే ఈ దంపతులు ఇటువైపు అంత త్వరగా వచ్చేవారు కాదేమో. సూయజ్ కాలువ కోసం ఈజిప్టు మీద బ్రిటన్ చేసిన దాడికి నిరసనగానే దేశం వదులుతున్నానని హాల్డేన్ ప్రకటించారు. 1957లో ఇద్దరూ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశారు.

హాల్డేన్ కుర్తా, ధోతీకి మారిపోయారు. మాంసం మానేశారు. భారత పౌరసత్వం తీసుకున్నారు. వాళ్ల దగ్గర చేరిన కుర్రాళ్లలో మన పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద వాలుతుందో లెక్కపెట్టే పనితో మొదలుపెట్టి, తర్వాత జన్యుశాస్త్రంలో పేరు తెచ్చుకున్నారు. హాల్డేన్ జీవితం మీద పుస్తకాలు కూడా రాశారు. ఖరీదైన పరికరాలు లేకపోయినా నోట్‌బుక్, ఓపిక ఉంటే చాలు, సైన్స్ చేయొచ్చన్నది ఆ ఇంటి పద్ధతి. కలకత్తాలో పొసగక 1962లో భువనేశ్వర్ మారారు. అక్కడ హెలెన్, సహచరుడు సురేశ్ జయకర్ కలిసి మట్టి గూళ్లు కట్టే కందిరీగల్ని, ఎండాకాలంలో నేల మీదే గుడ్లు పెట్టే తీతువు జాతి పిట్టల్ని గంటల తరబడి గమనించారు.

1964 డిసెంబర్ 1న హాల్డేన్ క్యాన్సర్‌తో భువనేశ్వర్‌లో చనిపోయారు. తన శరీరాన్ని వైద్య విద్యార్థులకు ఇవ్వాలని ముందే రాసిపెట్టారు. ఆయన కోరినట్టే మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు.

హెలెన్ ఇంగ్లండ్ తిరిగి వెళ్లిపోలేదు. తర్వాతి కాలంలో హైదరాబాద్‌లో స్థిరపడ్డారు.

నక్క ఇంటికొచ్చింది

కుక్క జాతి జంతువు మనిషికి ఎలా దగ్గరవుతుందో పుస్తకాల్లో చదివితే ఆమెకు సరిపోలేదు. 1955 నాటి ప్రశ్న అలాగే ఉంది. ఇంగ్లండ్‌లో ఈ నక్క కావాలంటే జూకి వెళ్లాలి. ఇక్కడ ఊరి చివర పొలాల్లో రాత్రయితే ఊళ వినిపిస్తుంది. హెలెన్ నక్కను తెచ్చి పెంచుకున్నారు. అదే ఆమెను కరిచింది. దాని వల్ల సోకిన జబ్బుతో 1978లో హైదరాబాద్‌లోనే ఆమె కన్నుమూశారు.

తమ మీదే ప్రయోగం చేసుకునే అలవాటు ఉన్న ఇల్లది. ఇనుప చాంబర్‌లో బతికి బయటపడ్డ మనిషి, ఇంట్లో పెరిగిన జంతువు చేతిలో పోయారు. ఇది అజాగ్రత్త అని తేల్చేయడం తేలిక. కానీ ఆమె వేసిన ప్రశ్నకు దూరం నుంచి చూస్తే జవాబు దొరకదు, దగ్గరకు వెళ్లాల్సిందే.

ఇంతకీ ఆ జవాబు ఏంటి? ముందు నక్క సంగతి. నక్కల అరుపుల తీరు కుక్కతో పోలడం లేదని గుర్తించి, లోరెంజే తర్వాత నక్క సిద్ధాంతాన్ని వదులుకున్నారు. 1990ల్లో వచ్చిన డీఎన్‌ఏ పరీక్షలు కుక్క మూలం తోడేలే అని తేల్చేశాయి. అంటే హెలెన్ ఇంట్లో ఉన్నది కుక్కకు తాత కాదు, దూరపు చుట్టం.

రెండోది అసలైన విషయం. మచ్చిక వేరు, పెంపుడు జాతి వేరు. పిల్లగా ఉన్నప్పుడే తెచ్చి పాలు పట్టి పెంచితే ఏ అడవి జంతువైనా కొంత మచ్చికవుతుంది. అది ఆ ఒక్క జంతువుకే, ఆ ఒక్క జీవితానికే. దాని పిల్ల మళ్లీ మొదటి నుంచి మొదలు. పెంపుడు జాతి అంటే ఆ స్వభావం తరతరాలుగా రక్తంలోకి దిగాలి. సోవియట్ శాస్త్రవేత్త ద్మిత్రి బెల్యాయెవ్ 1959లో నోవోసిబిర్స్క్‌లో దీన్నే మొదలుపెట్టారు. ఫారాల్లో బొచ్చు కోసం పెంచే సిల్వర్ ఫాక్స్‌లలో మనిషిని చూసి భయపడనివాటినే ఏరి జత కట్టించారు. కొన్ని తరాలకే అవి మనిషిని చూస్తే తోక ఊపడం, చేతులు నాకడం మొదలుపెట్టాయి. హెలెన్ చేతిలో ఉన్నది తరాలు కాదు, తన మిగిలిన ఆయుష్షే.

బంధం లోపల ఏం జరుగుతుందన్నది ఆమె పోయాక చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. 2015లో జపాన్‌లోని అజాబు యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఒక పరీక్ష చేశారు. యజమాని, కుక్క కళ్లలోకి కళ్లు పెట్టి ఎక్కువసేపు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ హార్మోన్ పెరిగింది. తల్లికీ పసిబిడ్డకీ మధ్య బంధాన్ని గట్టిపరిచే హార్మోన్ ఇదే. మనుషులే చేత్తో పెంచిన తోడేళ్లతోనూ చేసి చూశారు. అవి మనిషి కళ్లలోకి పెద్దగా చూడనే లేదు, హార్మోనూ పెరగలేదు. హంగరీలో చేసిన ఇంకో పరీక్షలో, తెరుచుకోని డబ్బాలో తిండి పెడితే కుక్క కాసేపు ప్రయత్నించి వెనక్కి తిరిగి మనిషి మొహం చూసింది. తోడేలు డబ్బాతోనే కుస్తీ పట్టింది. అయితే కథ ఇక్కడితో తేలిపోలేదు. చేత్తో పెంచిన తోడేలు పిల్లలు కూడా తెలిసిన మనిషినీ కొత్త మనిషినీ వేరుగా గుర్తుపట్టి, తెలిసినవాళ్ల దగ్గరే ధైర్యం తెచ్చుకున్నాయని 2022లో స్టాక్‌హోమ్ పరిశోధకులు చెప్పారు. అంటే బంధం విత్తనం అడవి జంతువులో కూడా కొంత ఉందేమో! హెలెన్ బతికుంటే ఈ వాదనలో తప్పకుండా దూకేవారు.

ఈ బంధం ఎంత పాతదో జర్మనీలోని బాన్ దగ్గర 1914లో బయటపడ్డ సమాధి చెబుతుంది. దాదాపు 14 వేల ఏళ్ల కిందటిది. ఒక మగ మనిషి, ఒక ఆడ మనిషి, పక్కనే కుక్క. ఆ కుక్కపిల్లకు డిస్టెంపర్ జబ్బు చేసిందని, ఎవరో దగ్గరుండి చూసుకోకపోతే అన్ని వారాలు బతికేది కాదని పళ్ల మీది గుర్తుల్ని బట్టి తేల్చారు. వేటకూ కాపలాకూ పనికిరాని, జబ్బుపడ్డ కుక్కపిల్ల అది.

మన వీధి కుక్కల మీద కూడా మంచి పరిశోధనే జరుగుతోంది. కోల్‌కతా ఐసర్ బృందం ముక్కూమొహం తెలియని వీధి కుక్కలకు కొన్నిటికి తిండి పెట్టి, కొన్నిటి తల నిమిరి చూసింది. రోజులు గడిచేకొద్దీ కొత్త మనిషిని ఎక్కువ నమ్మినవి, తల నిమిరించుకున్న కుక్కలే. 2017లో వచ్చిన ఫలితం ఇది.

విశాఖ పక్కనే ఉన్న కంబాలకొండ అడవిలో ఇప్పటికీ నక్కలున్నాయి. వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నక్కను పట్టుకోవడం, ఇంట్లో పెంచుకోవడం నేరం. నక్కైనా కుక్కైనా కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. రేబిస్ టీకాతో పాటు టీటీ ఇంజెక్షన్ గురించి కూడా డాక్టర్‌ను అడగాలి.