పిట్టల పేర్లు వ్రాసికొన్న వైద్యుడు

శరత్కాలము వచ్చినదనగా పాచిపెంట కొండలలో వాగులు తేటపడును. వానకాలమంతయు ఎర్రనీటితో పరవళ్లు త్రొక్కిన సెలయేళ్లు ఆశ్వయుజమునకు అడుగురాళ్లు కనిపించునంత నిర్మలమగును. ఒకనాటి ఉదయమున ఆ రాళ్లమీద తోక నాడించుచు ఒక కాటుకపిట్ట ప్రత్యక్షమగును. నిన్నటి దినమున అది అచట లేదు. మన పూర్వులు దీనిని ఖంజరీటమనిరి. శరత్తునందు దీని ప్రథమదర్శనమును శకునముగా ఎంచిరి. వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఖంజనదర్శనమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. హిమాలయములనుండియు, వానికావలి దేశములనుండియు చలికి వెరచి దక్షిణమునకు దిగివచ్చు వలసపక్షులలో ఇది యొకటి యని నేటి శాస్త్రము చెప్పుచున్నది.

సాలూరునుండి పాచిపెంట మీదుగా కొరాపుటునకు పోవు కనుమదారి ఎక్కినవారికి ఈ కొండల వరుస ఎంత దూరము సాగునో తెలియును. ఉత్తరమున గంజాం మన్యము; దక్షిణమున అరకు; ఆపైన గోదావరి; అటు పిమ్మట తెగుచు కలియుచు నెల్లూరు, కడప సీమల వరకు ఈ పూర్వకనుమలు సాగుచున్నవి. ఈ కనుమల పక్షులను చూచి, గుర్తించి, శాస్త్రగ్రంథములకు ఎక్కించిన తొలివారిలో ముఖ్యుడు థామస్ కేవర్‌హిల్ జెర్డన్ అను వైద్యుడు. ఆయన మన దేశమువాడు కాడు. అయినను తెలుగు పల్లెలలోని పిట్టల పేర్లు కొన్ని ఆయన గ్రంథములలో నేటికిని నిలిచియున్నవి. అందుచేత ఆయన జీవితము మనము తెలిసికొనదగినది.

జెర్డన్ 1811 అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులోని డర్హాం సీమయందు జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున చదువుకొనుచు రాబర్ట్ జేమ్సన్ అను ఆచార్యుని ప్రకృతిశాస్త్ర పాఠములు వినెను. అంతకు కొద్దికాలము పూర్వమే చార్లెస్ డార్విన్ ఆ ఆచార్యుని వద్దనే కూర్చుండి పాఠములు వినియుండెను. పిమ్మట జెర్డన్ వైద్యమభ్యసించి, ఈస్టిండియా కంపెనీ కొలువున సహాయవైద్యుడుగా చేరి, 1836 ఫిబ్రవరిలో చెన్నపట్టణమున ఓడ దిగెను.

ఆయనకు లభించిన మొదటి ఉద్యోగస్థానము గంజాం. ఆ కాలమున గుంసూరు మన్యమున కంపెనీ ప్రభుత్వమునకు కొండవారు ఎదురుతిరిగియుండిరి. వారి నణచుటకు పోయిన సిపాయిలు తుపాకి దెబ్బలకంటె మన్యపుజ్వరమునకును, రక్తగ్రహణికిని ఎక్కువగా గురియైరి. ఆ రోగులకు చికిత్స చేయుట జెర్డన్ వంతు. ఒక వంక యుద్ధము, ఒక వంక జ్వరము. నడుమ ఆ పడుచువైద్యుడు దొరికిన తీరికలో పిట్టలను పరికించి, వాని కొలతలు, రంగులు, సంచారస్థలములు వ్రాసికొనసాగెను. ఆయన పక్షిశాస్త్రమునకు పునాది పడినది మన పూర్వకనుమలలోనే.

1837లో ఆయనను తిరుచిరాపల్లిలోని గుర్రపు పటాలమునకు మార్చిరి. పటాలము వెంట దక్కను పీఠభూమినంతయు ఆయన తిరిగెను. ఈ సంచారఫలముగా భారత ద్వీపకల్పములోని పక్షుల పట్టిక నొకదానిని సిద్ధపరచి, 1839 మొదలుకొని చెన్నపట్టణపు శాస్త్రసాహిత్యపత్రికలో వరుసగా ప్రకటించెను. 1841లో వివాహమైన పిమ్మట ఆయన నెల్లూరునకు సివిల్ సర్జనుగా వచ్చెను. తెలుగుదేశముతో ఆయన సంబంధము గాఢమైనది ఇచటనే.

నెల్లూరిసీమలో అడవిదారులెరిగిన యానాదులు ఆయనకు సహాయులైరి. ఏ పిట్ట ఏ పొదలో గూడు పెట్టునో, ఏ కాలమున వచ్చునో, రాత్రులందు ఏది కూయునో వారికి తరతరములుగా తెలిసిన విషయము. వారు పట్టితెచ్చిన పక్షిని జెర్డన్ పరీక్షించి, దాని కొక లాటిను పేరు కూర్చుటతో తృప్తిపడక, వారు దానినేమని పిలుతురో అడిగి, ఆ తెలుగుపేరును గూడ రోమను లిపిలో వ్రాసికొనెడివాడు. నాటి శాస్త్రజ్ఞులలో పలువురు ఈ పని అనవసరమనుకొనిరి. కాని పేరు తెలిసినవాడు పక్షిని మరల కనుగొనగలడు. పేరు తెలియనివానికి అడవిలో అడుగుటకైనను మాట ఉండదు. ఈ మాట యెంత నిజమో నూరేండ్లు దాటిన పిమ్మట రుజువైనది. ఆ కథ ముందు రాగలదు.

జెర్డన్ పరిశీలనాస్వభావమునకు పొన్నంకి పిట్ట వృత్తాంతము మంచి నిదర్శనము. ఇది గుప్పెడంత పక్షి. తోక పొట్టి, కాళ్లు పొడవు. ఆకుపచ్చ, నీలము, ఎరుపు, నలుపు, తెలుపు మున్నగు వన్నెలన్నియు దీని ఒంటిమీద కలవు గనుక హిందీవారు దీనిని నౌరంగ అందురు. జెర్డన్ దీనిని మొట్టమొదట చూచినది అడవిలో కాదు. చెన్నపట్టణపు జనరల్ ఆసుపత్రిలో! దారి తప్పి అలసిన ఆ పక్షి రోగుల భవనములోనికి వచ్చి ఆశ్రయము పొందెను. పిమ్మట నెల్లూరిలోను ఇట్లే గుడిసెలలో, కొట్టములలో దూరిన పొన్నంకి పిట్టలు ఆయనకు సజీవముగా లభించెను. వేసవి ఆరంభమున, పడమటిగాలి మొదటిసారి ఉద్ధృతముగా వీచు దినములలోనే ఇది జరుగుచుండుట ఆయన గమనించెను. ఎగురుటలో అంతగా బలము లేని ఈ పక్షులను గాలి పూర్వకనుమలనుండి కొట్టుకొని వచ్చుచున్నదని తలచి, అట్లే వ్రాసెను.

నేడు మనకు అధికముగా తెలిసినది. పొన్నంకి పిట్ట వలసపక్షి. వానకాలమున హిమాలయపాదములందును, మధ్యభారతపు అడవులందును, పడమటి కనుమలందును గూళ్లు కట్టి పిల్లలను పెంచి, శరత్తు రాగానే దక్షిణమునకు మరలును. చలికాలము దక్షిణదేశమునను, సింహళమునను గడపి, వేసవి ముఖమున తిరుగుప్రయాణము కట్టును. ఈ ప్రయాణము రాత్రులందు జరుగును. అలసట చెందినపుడు తెల్లవారుజామున ఏ పెరటిలోనో, ఏ బడి వసారాలోనో వ్రాలును. చెన్నపట్టణపు ఆసుపత్రిలో జెర్డన్ చూచినది ఇట్టి బాటసారినే.

దక్షిణమునకు పోవు పక్షులకు తీరము దారి చూపును. విశాఖపట్టణమున డాల్ఫిన్ ముక్కు కొండవలె సముద్రములోనికి పొడుచుకొనిపోయిన చోట్ల నిలిచి శరత్తునందు ఆకాశమును పరికించువారికి, తీరము వెంబడి సాగు ఉల్లంకుల బారులు కనిపించుట కలదు. ఇంకను దక్షిణమున, తమిళనాట కోడిక్కరై అను భూశిరము కలదు. సింహళమునకు సముద్రము దాటబోవు పక్షులు ఆ కొననే చేరి విశ్రమించును. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు అచట పక్షుల కాళ్లకు చిన్న లోహపు కడియములు తొడిగి విడిచి, అవి మరల పట్టుబడిన చోట్లనుబట్టి వాని ప్రయాణమార్గములను నిర్ణయించుచు వచ్చిరి. జెర్డన్‌కు ఇట్టి సాధనములు లేవు. అందువలన పక్షుల రాకకు ఆయన చెప్పిన కారణము అసంపూర్ణమైనది. కాని చూచిన దేది, చూచిన స్థలమేది, కాలమేది, గాలి ఏ దిక్కుది అన్న వివరములను ఆయన నిష్కపటముగా వ్రాసినందుననే, ఆ కారణమును సరిదిద్దుట తరువాతివారికి సాధ్యమైనది. కారణము మారినను సాక్ష్యము చెడలేదు. విద్యార్థులు గ్రహింపవలసిన శాస్త్రధర్మము ఇదియే.

1843 మొదలు 1847 వరకు జెర్డన్ 50 చిత్రపటములతో భారతీయ పక్షులను గూర్చి ఒక గ్రంథమును భాగములుగా ప్రకటించెను. ఆ బొమ్మలు వ్రాసినది దేశీయ చిత్రకారులు. ఆయన దృష్టి పక్షులకే పరిమితము కాలేదు. 1851లో దక్షిణదేశపు చీమలను గూర్చి ప్రకటించిన వ్యాసమున 47 జాతులను వర్ణించెను. ఎగిరి దుమికి ఎరను పట్టు విచిత్రమైన చీమ యొకటి నేటికిని ఆయన పేరిటనే ప్రసిద్ధము. ఆయనకు సమకాలికుడై ఉత్తర సర్కారులకు కమీషనరుగా ఉండిన వాల్టర్ ఇలియట్ ఇట్టి శ్రద్ధతోనే తెలుగు చెట్ల పేర్లను సేకరించి 1859లో ఫ్లోరా ఆంధ్రికా అను గ్రంథమును వెలువరించెను. పల్లెవాని నోటిమాటయు శాస్త్రమున కక్కరకు వచ్చునని ఈ యిరువురును ఎరిగియుండిరి.

పిమ్మట జెర్డన్ తలచేరిలోను, మధ్యభారతములోని సాగరులోను పనిచేసెను. 1857 నాటి తిరుగుబాటు కాలమున సాగరులోనే ఉండెను. ఆరోగ్యము చెడి డార్జిలింగునకు సెలవుపై పోయెను. అప్పటి రాజప్రతినిధి కానింగ్ ప్రభువు ఆయనకు ప్రత్యేకోద్యోగమిచ్చి, భారతదేశపు జంతుజాలమును గూర్చి గ్రంథములు వ్రాయు అవకాశము కల్పించెను. 1862–64 సంవత్సరములలో వెలువడిన ఆయన మహాగ్రంథమున 1,008 జాతుల పక్షుల వర్ణనములు కలవు. తరువాత కాంగ్రెసు మహాసభకు మూలపురుషుడైన హ్యూము దొర పక్షిశాస్త్రమున కూడ పండితుడు. ఆయనయు, ఆయన మిత్రులును తమ పక్షులను జెర్డన్ ఇచ్చిన సంఖ్యలతోనే గుర్తించెడివారు. 1868లో జెర్డన్ ఉద్యోగము విరమించెను. 1870లో స్వదేశమునకు మరలెను. 1872 జూన్ 12వ తేదీన లండను సమీపమున కన్నుమూసెను.

ఇక ఒక పక్షి కథ. నెల్లూరికి పడమటనున్న కనుమల మీదను, కడపసీమలోను, రాళ్లతో ముళ్లపొదలతో నిండిన చోట జెర్డన్‌కు ఒక అపూర్వపక్షి దొరికెను. రొమ్మున రెండు పట్టెలు, పెద్ద కన్నులు, ఎగురుటకంటె పరుగెత్తుటయందే ప్రీతి. 1848లో ఎడ్వర్డు బ్లిత్ అను శాస్త్రజ్ఞుడు దానికి లాటిను నామకరణము చేసెను. జెర్డన్ తన గ్రంథమున దానికి తెలుగుపేరును గూడ వ్రాసియుంచెను. రోమను అక్షరములనుండి మన లిపిలోనికి మార్చిన ఆ పేరు అడవి ఉత్తతిత్తి. ఉత్తతిత్తి యనగా ఏమియు లేని సంచి. సంచి నింపని పిట్ట యని ఏ వేటగాడో పరిహాసముగా పెట్టిన పేరు కాబోలు!

1900 సంవత్సరమున అనంతపురము ప్రాంతమున కనిపించిన పిమ్మట ఆ పక్షి జాడ లేదు. 1929–30లో వెర్నే పేరిట పూర్వకనుమల నంతటను పక్షి పరిశోధన జరిగెను. వారికిని అది దొరకలేదు. నశించినదనియే లోకము నమ్మెను. కాని పక్షి బ్రతికియే యున్నది. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లాలో పల్లెపల్లెకు పోయి, వేటగాండ్రకు బొమ్మ చూపి విచారింపగా, వారు అది తమకు తెలిసిన పిట్టయే యనిరి. వారి వాడుకలో దాని పేరు కలివికోడి, కలివిపొదలలో తిరుగునది. రెడ్డిపల్లె గ్రామస్థుడు ఐతన్న ఒకనాటి రాత్రి దానిని ప్రాణముతో పట్టియిచ్చెను. పండితులు 86 ఏండ్లు వెదకి కానలేని పక్షిని పల్లెవారు ఏనాడును పోగొట్టుకొనలేదు!

ఆ పక్షి కొరకే లంకమల్ల అడవి అభయారణ్యమైనది. అయినను ఆపద తొలగలేదు. 2005లో తెలుగుగంగ కాలువ పనులలో యంత్రములు ఆ పొదలలో కొంతభాగమును పెరికివేసినవి. పిమ్మట కాలువ దారిని మార్పవలసివచ్చెను. మెత్తని మట్టి పరచి దానిపై పడిన అడుగుజాడలను బట్టి పరిశోధకులు దాని ఉనికిని తెలిసికొనుచు వచ్చిరి. ముండ్లపొద బంజరు కాదనియు, అది ఒక జాతికి ఇల్లనియు ఈ పక్షి మనకు నేర్పినది.

జెర్డన్‌కు మొదట ఆ పక్షిని చూపిన వేటగాడెవడో చరిత్రకు తెలియదు. నెల్లూరి యానాదుల పేర్లును నిలువలేదు. పక్షికి మాత్రము జెర్డన్ పేరు నిలిచినది. అది ఆయన దోషము అనుటకంటె ఆ కాలపు దోషమనుట న్యాయము. రెండవసారి మాత్రము ఐతన్న పేరు పక్షి పేరుతో పాటు లోకమున వినబడినది. మొదటివారి గుర్తుగా మిగిలినది అడవి ఉత్తతిత్తి యను ఒక్క మాటయే. జెర్డన్ ఆ మాటను వ్రాసికొనకున్నచో అదియు మిగిలియుండెడిది కాదు.

పాచిపెంట, సాలూరు ప్రాంతముల పాఠశాలలలో కొండజాతుల పిల్లలు అనేకులు చదువుచున్నారు. ఏ పిట్టను తమ యింట ఏమందురో వారు చెప్పగలరు. ఉపాధ్యాయులు ఒక నోటుపుస్తకము తెరచి, కాటుకపిట్ట మొదట కనిపించిన తేదీ, చోటు, పిల్లలు చెప్పిన పేరు, చెప్పినవారి పేరు ఏటేట వ్రాయించినచో, పదియేండ్లకు అది అమూల్యమైన సాక్ష్యమగును. దీనికి దూరదర్శిని యంత్రము గాని, ధనము గాని అక్కరలేదు. జ్వరపీడితులైన సిపాయిల నడుమ కూర్చుండి జెర్డన్ చేసిన పని ఇంతియే.