మూలికలకూ పరీక్ష పెట్టిన చోప్రా

కామెర్లతో ఓపీకి వచ్చిన వారిని మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే, కొందరు లేదంటారు. గుచ్చి అడిగితే రోజూ తిప్పతీగ కషాయం తాగుతున్నట్టు బయటపడుతుంది. వారి లెక్కలో అది మందు కాదు. మూలికనూ మందుగానే చూడాలని జీవితమంతా పనిచేసి చూపిన వైద్యుడు సర్ రామ్‌నాథ్ చోప్రా.

ఆయన 1882లో, ఇప్పటి పాకిస్థాన్‌లోని గుజ్రన్‌వాలాలో పుట్టారు. లాహోర్‌లో, తర్వాత కేంబ్రిడ్జిలో చదివారు. మందు శరీరంలో ఏం చేస్తుందో కొలిచి చూసే విద్య ఫార్మకాలజీని అక్కడ డిక్సన్ దగ్గర నేర్చుకున్నారు. సైనిక వైద్యుడిగా మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి, 1921లో కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్‌లో ప్రొఫెసర్ అయ్యారు.

విదేశీ మందులు పేదలకు అందని రోజులవి. మన మొక్కల్లోనే చవకైన మందులు దొరుకుతాయని చోప్రా ఆశ. అయితే వాడుకలో ఉందన్న ఒక్క కారణంతో దేన్నీ ఒప్పుకోలేదు. సర్పగంధలోని రసాయనాలు బీపీ తగ్గిస్తాయని ప్రయోగశాలలో పరీక్షించి చూశారు. 1930లో ప్రభుత్వం వేసిన మందుల విచారణ సంఘానికి అధ్యక్షుడై, బజారులోని కల్తీ మందుల సంగతి బయటపెట్టారు. 1940 నాటి ఔషధ చట్టానికి ఆ నివేదికే పునాది. 1956లో వెలువరించిన ఔషధ మొక్కల కోశంలో తిప్పతీగకూ చోటిచ్చారు. 1973లో కన్నుమూశారు.

ఆ పద్ధతిలోనే తిప్పతీగనూ చూద్దాం. జ్వరాలకు, కీళ్ల నొప్పులకు, షుగర్‌కు ఆయుర్వేదం దీన్ని వాడుతుంది. రోగనిరోధక కణాలను ఇది ఉత్తేజపరుస్తుందని ప్రయోగశాలల్లో తేలింది. అలర్జీ జలుబుకు ఉపశమనం ఇచ్చినట్టు ఒక చిన్న అధ్యయనం చెబుతోంది. ఆ ఉత్తేజమే కొందరిలో కాలేయం మీదికి తిరగవచ్చు. కొవిడ్ కాలంలో దీన్ని వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. దీన్ని పోలిన వేరే తీగలూ ఉన్నాయి.

అందుకే రుమటాయిడ్ కీళ్లవాతం, లూపస్, ఆటోఇమ్యూన్ థైరాయిడ్ సమస్య, కాలేయ వ్యాధి ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు దీని జోలికి పోవద్దు. షుగర్ మాత్రలు వేసుకునేవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా తాగొద్దు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపేసి ఆసుపత్రికి రండి. మందుల చీటీతోపాటు ఇంట్లో కాచే కషాయం సంగతీ చెప్పండి.