గేలూసాక్ గారి బ్యూరెట్

కెమిస్ట్రీ ల్యాబ్‌లో నా మొదటి మూడు రీడింగులూ మూడు రకాలుగా వచ్చాయి. మిథైల్ ఆరెంజ్ పసుపు నుంచి నారింజకి మారగానే ఆపాలి. నేను ఆపేసరికి ఫ్లాస్క్ ఎర్రగా ఉండేది. పక్కవాడేమో తన రీడింగే రాసేసుకోమన్నాడు, రాసేశాను కూడా. హాస్టల్‌కి వచ్చాక, అసలీ బ్యూరెట్‌ని మన నెత్తిన పెట్టిందెవరా అని వెతికితే ఇంటర్‌లో గ్యాస్ లా చదివిన గేలూసాక్ తేలాడు! అలాంటి గొట్టం అంతకుముందే ఉంది గానీ, బ్యూరెట్, పిపెట్ అనే మాటలు స్థిరపడింది 1824లో ఈయన రాసిన వ్యాసంతోనే.

పుట్టింది 1778లో, ఫ్రాన్స్‌లో. విప్లవం రోజుల్లో నాన్నని జైల్లో వేశారు. చదివింది పారిస్ ఎకోల్ పాలిటెక్నిక్‌లో, అంటే మన బాపతే. 1804లో ఒక్కడే బెలూన్ ఎక్కి దాదాపు 7,000 మీటర్ల ఎత్తు నుంచి సీసాల్లో గాలి పట్టుకొచ్చాడు. 1808లో పొటాషియం పేలి కళ్లు పోయినంత పనైంది. అయినా ల్యాబ్ వదల్లేదు.

నాకు నచ్చింది మాత్రం పొటాష్ సంగతి. సబ్బుకీ గాజుకీ అది కావాలి. బస్తాలో అసలు క్షారం ఎంతుందో కొనేవాడికెలా తెలుస్తుంది? బలం తెలిసిన సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని, లిట్మస్ కలిపిన పొటాష్ నీళ్లలోకి చుక్కచుక్కగా వదలాలి. క్షారం ఉన్నంతసేపూ వేసిన ఆమ్లాన్ని అది మింగేస్తుంది, రంగు కదలదు. అది అయిపోయాక ఒక్క చుక్క చాలు. పట్టిన ఆమ్లం లెక్కే క్షారం లెక్క. 1828లో ఈ పద్ధతిని ఆయన వివరంగా రాశాడు. ఇందులో ఓ మెలిక ఉంది: పొటాష్‌లోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ వల్ల లిట్మస్ ముందే వైన్ రంగుకి తిరుగుతుంది. తొందరపడి అక్కడ ఆపితే లెక్క తప్పు. ఉల్లిపొట్టు ఎరుపు వచ్చేదాకా ఆగాలి. పైగా ఆయన బ్యూరెట్‌కి ట్యాప్ లేదు, చేత్తో వంచి పొయ్యాల్సిందే. ట్యాప్ లీకవుతోందని నేను గొణుక్కున్నది గుర్తొచ్చి సిగ్గేసింది.

తర్వాత పారిస్ టంకశాలలో వెండి పరీక్ష కూడా ఇదే దారిలో పెట్టాడు, ఉప్పునీటితో. పాత కొలిమి పద్ధతిలో కొంత వెండి పోయి లెక్క తక్కువ వచ్చేదట. 1850లో చనిపోయాడు.

మరుసటి వారం నాకు 9.8, 9.8, 10.1 వచ్చాయి. పక్కవాడు మూడోది దిద్దమన్నాడు. దిద్దలేదు, నాలుగోసారి పిపెట్ నింపాను.