మూగసాక్షి

అరవైనాలుగు కళలలో ఇంద్రజాలం ఒకటి. లేనిదానిని ఉన్నట్లు, ఉన్నదానిని లేనట్లు చూపగల నేర్పు అది. మన పల్లెజనం దీనినే కనికట్టు అనీ, గారడి అనీ వ్యవహరించారు. ప్రాచీన సాహిత్యంలో ఐంద్రజాలికులకు చక్కని స్థానం లభించింది. దండి దశకుమారచరితంలో విద్యేశ్వరుడనే ఐంద్రజాలికుడు మాళవరాజు కొలువులో నెమలి పింఛాన్ని గిరగిర తిప్పుతాడు. వెంటనే సభలో పాములు పడగలెత్తుతాయి. గద్దలు వాటిని ముక్కున కరచుకొని ఆకాశంలో తిరుగుతాయి. ఈ కావ్యాన్ని పదమూడవ శతాబ్దంలో కేతన తెలుగు చేశాడు. కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలోని ఐంద్రజాలికుడైతే ఆకాశంలో యుద్ధం జరుగుతున్నదనీ, తెగిన అవయవాలు నేల రాలుతున్నాయనీ రాజసభనంతటినీ నమ్మించాడు.

కవి కల్పించిన గద్దలకు ఆకలి లేదు, నొప్పి లేదు. మాయ ముగియగానే అవి ఎక్కడి నుండి వచ్చాయో అక్కడికే పోతాయి. ప్రాణమున్న పక్షిని చేతబట్టి రంగస్థలం ఎక్కే ఐంద్రజాలికుని సంగతి వేరు. ఆ పక్షికి ఆకలి ఉంది, భయం ఉంది, ఎముకలు విరిగే లేత శరీరం ఉంది. అటువంటి పక్షిని వెంటబెట్టుకొని దేశదేశాలు తిరిగి, చివరికి దానినే సాక్షిగా నిలిపి తన నిజాయితీని నిరూపించుకోవలసివచ్చిన కళాకారుడు కార్ల్ హెర్ట్జ్.

హెర్ట్జ్ 1859 మే 14న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. అతని అసలు ఇంటిపేరు మోర్గెన్‌స్టెర్న్. కార్ల్ హెర్ట్జ్ అన్నది రంగస్థలం కోసం పెట్టుకొన్న పేరు. పేక ముక్కలతో, నాణేలతో, చేతిరుమాళ్లతో చేసే హస్తలాఘవ విద్యలో అతడు ఆరితేరాడు. 1884లో ఇంగ్లండు చేరుకొని, అక్కడి వినోదశాలలలో ప్రదర్శనలిచ్చి ప్రసిద్ధుడయ్యాడు. ఎమిలీ డాల్టన్ అతనికి భార్య మాత్రమే కాదు, రంగస్థలంపై సహచరి కూడా. ప్రేక్షకుల ఎదుట మాయమయ్యే స్త్రీ పాత్రను ఆమె నిర్వహించేది.

అతనికి పేరు తెచ్చిన అంశాలలో మాయమయ్యే పంజరం ముఖ్యమైనది. ఈ విద్యను 1870ల దశకంలో బ్యూటియే డి కోల్టా అనే ఫ్రెంచి ఐంద్రజాలికుడు రూపొందించాడు. సన్నని తీగలతో అల్లిన చిన్న పంజరం. అందులో ఒక పసుపుపచ్చని కెనరీ పిట్ట. ఐంద్రజాలికుడు ఆ పంజరాన్ని రెండు చేతుల నడుమ పట్టుకొని ప్రేక్షకులకు ఎదురుగా నిలుస్తాడు. దానిపై గుడ్డ కప్పడు, పెట్టెలో పెట్టడు. ఒకటి, రెండు, మూడు అని లెక్కించేలోగా పంజరమూ పిట్టా రెండూ అదృశ్యమవుతాయి. ఖాళీ చేతులు మాత్రమే మిగులుతాయి. కొంతసేపటికి పిట్ట మరలా ప్రత్యక్షమవుతుంది. చూడటానికి ఇది రెప్పపాటు పని. ఆ రెప్పపాటులోనే ఒక ప్రాణి క్షేమం ఇమిడి ఉంది.

కెనరీ చాలా సుకుమారమైన పక్షి. అట్లాంటిక్ సముద్రంలోని కెనరీ దీవుల నుండి దానికి ఆ పేరు వచ్చింది. దాని బరువు సుమారు 20 గ్రాములు మాత్రమే. విషవాయువు సోకితే మనిషికంటె ముందుగా సొమ్మసిల్లుతుంది. అందువల్లనే బ్రిటన్‌లో బొగ్గుగని కార్మికులు ఇరవయ్యవ శతాబ్దంలో చాలాకాలం దానిని వెంట తీసుకొని గనిలోకి దిగేవారు. దాని స్థానంలో యంత్రాలను ప్రవేశపెట్టాలని 1986లో గాని నిర్ణయం జరుగలేదు. గాలి మారితేనే తాళలేని పిట్టను రైళ్లలో, ఓడలలో ఊరూరా తిప్పడం సామాన్యమైన పని కాదు. దానికి ప్రతిదినం గింజలు, మంచినీరు అందాలి. ఎండదెబ్బ తగలరాదు, చలిగాలి సోకరాదు. సాయంత్రం ప్రదర్శన ఎంత ముఖ్యమో, ఉదయం పంజరాన్ని శుభ్రం చేయడం అంత ముఖ్యం. చప్పట్లు వినబడేది మొదటి పనికి మాత్రమే.

హెర్ట్జ్ జీవితంలో 1896వ సంవత్సరం చిరస్మరణీయమైనది. ఆ ఏడాది ఫిబ్రవరి 20న లండన్‌లో రాబర్ట్ పాల్ అనే శాస్త్రజ్ఞుడు కదిలే బొమ్మలను తెరపై చూపే యంత్రాన్ని ప్రదర్శించాడు. దాని పేరు థియేట్రోగ్రాఫ్. దాని విలువను హెర్ట్జ్ వెంటనే గ్రహించాడు. ఎంతో పట్టుబట్టి ఒక యంత్రాన్ని కొని, మార్చి నెలాఖరులో దక్షిణాఫ్రికాకు ఓడ ఎక్కాడు. ఆ ఓడలోనే తోటి ప్రయాణికులకు కదిలే బొమ్మలను చూపాడు. మే 11న జోహాన్నెస్‌బర్గ్‌లోనూ, ఆగస్టు 22న ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలోనూ ప్రజలకు చలనచిత్రాలను ప్రదర్శించాడు. ఆ రెండు దేశాల చలనచిత్ర చరిత్రలు అతని పేరుతోనే మొదలవుతాయి. మన దేశంలో లూమియేర్ సోదరుల చిత్రాలు బొంబాయిలోని వాట్సన్ హోటల్‌లో తొలిసారి ప్రదర్శింపబడింది కూడా అదే ఏడాది జూలై 7న. అటుపిమ్మట హెర్ట్జ్ యాత్ర సింహళం, భారతదేశం, చైనా, జపాను, హవాయి దీవుల వరకు సాగింది.

ఒకే కళాకారుని వృత్తిలో రెండు వింతలు చోటు చేసుకొన్నాయన్నమాట. ఒకటి ప్రాణమున్న పక్షి, రెండవది ప్రాణం లేని నీడబొమ్మ. ఒకదానికి దాణా కావాలి, రెండవదానికి దీపం చాలు. ఈ తేడా ఎంత ముఖ్యమైనదో తెలియడానికి పాతికేళ్లు పట్టింది.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో, వినోదం కోసం జంతువులను ఉపయోగించే పద్ధతులపై ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ప్రజలు ప్రశ్నలు వేయసాగారు. సర్కసు జంతువులు పొందే హింసను వర్ణిస్తూ అమెరికన్ రచయిత జాక్ లండన్ వ్రాసిన నవల 1917లో వెలువడింది. దానితో ఈ ఆందోళన మరింత బలపడింది. ఐంద్రజాలికులు కూడా విమర్శకు గురయ్యారు. మాయమయ్యే పంజరంలోని పిట్ట ప్రతి ప్రదర్శనలోనూ నలిగి చనిపోతుందనీ, చివర చూపించేది వేరొక పిట్ట అనీ అభియోగం. అజాగ్రత్తపరుల చేతిలో పిట్టలు గాయపడటం, చనిపోవడం జరుగుతూనే ఉండేది. కనుక ఆ అభియోగాన్ని కేవలం అపవాదుగా కొట్టివేయడానికి వీలులేకపోయింది.

1921లో బ్రిటిష్ కామన్స్ సభ ఈ విషయాలను విచారించడానికి ఒక సెలెక్ట్ కమిటీని నియమించింది. హెర్ట్జ్ ఆ కమిటీ ఎదుట హాజరయ్యాడు. అప్పటికి అతని వయస్సు అరవై దాటింది. దశాబ్దాల కీర్తి, జీవనోపాధి రెండూ ఆ దినం పరీక్షకు నిలిచాయి. అతడు వాదన మాత్రమే వినిపించి ఊరుకోలేదు. పంజరాన్ని, కెనరీని తీసుకొని వచ్చి శాసనసభ్యుల కళ్లముందే ఆ విద్యను ప్రదర్శించాడు. పంజరం మాయమైంది. పిదప పిట్టను సజీవంగా, క్షేమంగా చూపించాడు. న్యాయస్థానంలో మనుష్యులు సాక్ష్యం చెప్పడం సహజం. ఇక్కడ మాట రాని పక్షి తన ప్రాణంతోనే సాక్ష్యం చెప్పింది.

ఈ సన్నివేశంలో ఒక చిక్కు ఉంది. కళ్లను మోసగించడమే వృత్తిగా గలవాడు, కళ్లతో చూచి నమ్మండని కోరవలసివచ్చింది. మన తార్కికులు ప్రత్యక్షాన్ని మొదటి ప్రమాణంగా స్వీకరించారు. కాని, ప్రత్యక్షాన్నే తారుమారు చేయగల ఐంద్రజాలికుని విషయంలో ఆ ప్రమాణం ఎంతవరకు నిలుస్తుంది? ఒకనాడు ఒక పిట్ట బ్రతికినంత మాత్రాన, ప్రతి ఊరిలో ప్రతి ప్రదర్శనలో ప్రతి పిట్టా బ్రతుకుతుందని చెప్పగలమా? హెర్ట్జ్ నేర్పు గలవాడు కావచ్చు. ఆ నేర్పు లేని వారి చేతిలో పడిన పక్షికి ఎవరు దిక్కు? ఈ ప్రశ్నలకు రంగస్థలంపై సమాధానం దొరకదు. తెర వెనుక, ప్రదర్శన లేని వేళ, గూటిలోని పక్షి స్థితిని చూస్తేనే దొరుకుతుంది.

బ్రిటిష్ పార్లమెంటు చివరికి ఈ మార్గాన్నే అనుసరించింది. విచారణ 1922లోనూ కొనసాగింది. 1925లో ప్రదర్శన జంతువుల నియంత్రణ చట్టం వచ్చింది. జంతువులకు శిక్షణనిచ్చేవారు, వాటిని ప్రదర్శించేవారు తమ పేర్లను నమోదు చేసుకోవాలని అది విధించింది. వెన్నెముక గల ప్రాణులన్నీ దాని పరిధిలోకి వచ్చాయి కనుక పక్షులకూ రక్షణ లభించింది. జంతువులను ఉంచిన చోట్లను తగిన వేళలలో తనిఖీ చేసే అధికారం పోలీసులకు, స్థానిక అధికారులకు దక్కింది. అయితే ప్రదర్శన జరుగుతుండగా వారు రంగస్థలం మీదికి గాని, దాని వెనుకకు గాని పోరాదని ఆ చట్టంలోనే ఒక నిబంధన ఉంది. కళాకారుని రహస్యాన్ని చట్టం గౌరవించింది. పక్షి ప్రాణాన్ని మాత్రం రహస్యంగా ఉండనీయలేదు. ఇంతటి వివేకం గల పరిష్కారాలు అరుదు. ఆ చట్టాన్ని చూచే అవకాశం హెర్ట్జ్‌కు కలుగలేదు. 1924 మార్చి 20న ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో అతడు కన్నుమూశాడు. అతని ఆత్మకథ ఆ ఏడాదే వెలువడింది.

హెర్ట్జ్ కాలంలో ఓడ టిక్కెట్టు, డబ్బు ఉంటే పక్షితో ప్రపంచాన్ని చుట్టిరావచ్చు. నేడు అలా వీలుపడదు. ఒక ఐంద్రజాలికుడు హైదరాబాదు నుండి తెల్ల పావురంతో విదేశానికి వెళ్లదలచినాడనుకొందాం. పశువైద్యుని ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. వెళ్లే దేశపు అనుమతి కావాలి. గాలి చొరబడే, పక్షి రెక్క కదల్చుకోగల పంజరం విమానయాన నియమాలకు అనుగుణంగా ఉండాలి. బర్డ్ ఫ్లూ వంటి వ్యాధులు వ్యాపించిన కాలంలో దారులు మొత్తంగా మూసుకొనిపోవచ్చు. తిరుగు ప్రయాణంలో మన దేశపు నియమాలు వేరుగా వర్తిస్తాయి. అరుదైన పక్షుల విషయంలో 1975లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం అదనపు అనుమతులను కోరుతుంది. మన రామచిలుకను ప్రదర్శనకు వాడుకొనే వీలే లేదు; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానిని పట్టి పంజరంలో ఉంచడాన్ని నిషేధించింది. జంతువులను ప్రదర్శించేవారు నమోదు చేసుకోవాలన్న నియమం మన దేశంలోనూ 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో ఉంది. ఈ నియమాలు కళాకారునికి ప్రతిబంధకాలుగా కనిపించవచ్చు. తన కష్టాన్ని నోరు తెరచి చెప్పుకోలేని తోటి ప్రయాణికుని తరఫున ఇతరులు అడిగే ప్రశ్నలే అవి.

ఇక హెర్ట్జ్ వెంట తీసుకొనిపోయిన రెండవ వింత ఏమైంది? ఆ నీడబొమ్మ నేడు మహావృక్షమై పెరిగింది. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి, రాళ్లగుట్టల మధ్య హైటెక్ సిటీ వెలసింది. నేడు ఈ నగరంలో యువకళాకారులు కంప్యూటర్ల ముందు కూర్చొని ఏనుగులను, పులులను, పక్షులను సృష్టిస్తున్నారు. 2012లో వచ్చిన ఈగ చిత్రంలో కథానాయకుడు కంప్యూటరు సృష్టించిన ఈగ. దానిని ఎన్నిసార్లు చంపినా ఏ ప్రాణికీ బాధ కలుగలేదు. విద్యేశ్వరుని గద్దలు మరలా మన నడుమకు వచ్చాయి. కెనరీని మాయం చేసిన చేతులే కదిలే బొమ్మలను ఖండాలు దాటించడం చరిత్రలోని చమత్కారం.

విద్య ఏదైనా అది ఎవరి బాధపై నిలిచి ఉన్నదో విచారించడం విద్యావంతుని ధర్మం. ప్రేక్షకుని ఆశ్చర్యం క్షణకాలం నిలుస్తుంది. పక్షికి ఉన్నది ఒక్కటే ప్రాణం. ఆ రెంటినీ తూచే త్రాసు చట్టం చేతికి రాకముందు కళాకారుని చేతిలోనే ఉంటుంది. హెర్ట్జ్ తన విద్య మర్మాన్ని కాపాడుకొన్నాడు. దాని ఫలితాన్ని మాత్రం పరీక్షకు పెట్టడానికి వెనుకాడలేదు. తన నేర్పును ప్రశ్నించినవారి ఎదుటికి పిట్టతో సహా నడచివెళ్లిన ఆ ధైర్యమే అతని పేరును నిలిపింది. చూచేవారు లేని చోట కూడా తన పిట్టను క్షేమంగా ఉంచగలిగినవాడే ప్రేక్షకుల చప్పట్లకు అర్హుడు.