మన బళ్లారి సీమను ఏలిన మన్రో దొర, ధనము



బళ్లారి, అనంతపురం, గుత్తి ప్రాంతముల నుండి వచ్చిన మన కుటుంబములలో పెద్దలు మన్రో దొర పేరు ఎత్తకుండా శిస్తు మాట చెప్పేవారు కారు. ఆయన జీవితమును ధనము వైపునుండి చూచినయెడల మనము నేర్చుకొనదగినది ఎంతో ఉన్నది.

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లాండులోని గ్లాస్గో పట్టణమున జన్మించారు. తండ్రి అమెరికాతో పొగాకు వర్తకము చేసిన ధనవంతుడు. 1776లో అమెరికా స్వాతంత్ర్యము ప్రకటించుకొని యుద్ధము సాగగా ఆ వర్తకము కూలిపోయి, కుటుంబము అప్పుల పాలైనది. ఇంటిలోని కలిమి చూస్తూ ఉండగానే కరిగిపోవుట ఆ యువకుడు కన్నులారా చూచెను.

1780లో ఆయన కంపెనీ సైన్యములో క్యాడెట్‌గా మద్రాసు చేరారు. జీతము చాలక మొదటి సంవత్సరములలో పరుపు, దిండు లేకుండ పండుకొనేవారు. చిరిగిన చొక్కాలను తానే అతుకు వేసుకొనేవారు. అట్టి స్థితిలోనూ అన్నదమ్ములు కలిసి తలిదండ్రులకు డబ్బు పంపుచుండిరి. దూరదేశములో సంపాదించి ఇంటికి పంపుట ఏమిటో మనకు తెలియనిది కాదు.

1800లో నిజాము ఈ సీమను కంపెనీకి ఇచ్చిన తరువాత మన్రో ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరైనారు. ఇప్పుడు ఆయన చేతిలో ఉన్నది తన డబ్బు కాదు, పరుల డబ్బు. గుడారములలో ఊరూరు తిరిగి, పొలములు కొలిపించి, మధ్య దళారీ లేకుండ రైతుతోనే శిస్తు ఒప్పందము చేసి పట్టా ఇచ్చు రైతువారీ పద్ధతిని స్థిరపరచిరి. ఏడేండ్లలో ఆదాయము సుమారు 10 లక్షల వరహాల నుండి 15 లక్షలకు పెరిగినది. దొరలు ఆయనను మెచ్చుకొనిరి.

అయితే ఆ పెరిగిన లెక్క ఎవరి ఇంటినుండి వచ్చినదో ఆయనకు తెలియును. 1807లో సీమ విడిచి వెళ్లేముందు, అన్ని భూములపై నూటికి 25 వంతులు, బావుల క్రింది భూములపై ఇంకొంత తగ్గించవలెనని వ్రాసిరి. తాను వేసిన శిస్తే బరువైనదని చెప్పుట కదా అది! ప్రభుత్వము ఒప్పుకొనలేదు. పైగా ఊళ్లను కౌలుదారులకు గుత్తకిచ్చినది. వారిలో అనేకులు చెల్లించలేక చితికిపోయిరి. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చిన పిమ్మట ఆ తగ్గింపు, రైతువారీ రెండూ అమలైనవి.

తక్కువ జీతమే లంచమునకు తలుపు తెరచునని ఆయన నమ్మిరి. అందుచేత మనదేశపు ఉద్యోగులకు పెద్ద పదవులు, తగిన జీతములు ఇవ్వవలెనని 1824లో వ్రాసిరి. ఒకప్పుడు అరకొర జీతముతో బ్రతికినవాని మాట అది.

ఇంగ్లండుకు తిరిగి వెళ్లేముందు ఈ సీమను కడసారి చూడవచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో మరణించారు. గుత్తిలో సమాధి చేసిరి. 1831లో అస్థికలను మద్రాసు సెయింట్ మేరీ చర్చికి తరలించిరి. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థము తోట, బావి ఏర్పాటు చేసిరి. ఈ సీమలో బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నవారును ఉన్నారు.

ఆయన పరాయి ప్రభుత్వపు సేవకుడే, శిస్తు వసూలు చేసినవాడే. అయినను లేమిలో తలిదండ్రులను మరువలేదు. అధికారములో రైతు వంటింటిని మరువలేదు. ఈ నెల మన జీతము చేతికి వచ్చినప్పుడు, అది ఎవరి కష్టమునుండి వచ్చినది, ఎవరికి చేరవలసి ఉన్నది అని ఒకసారి లెక్క చూచుకొందుము.