రొట్టె, నీళ్లు, గ్రంథాలయం... రోదసికి దారి!

ముందుగా ఒకసారి వంటింట్లోకి వెళ్దాం రండి. గ్లాసులో ముప్పాతిక వంతు నీళ్లు పోసి ఓ కోడిగుడ్డు వేయండి. బుడుంగున మునిగి అడుక్కి చేరుతుంది. ఇప్పుడు కొద్దికొద్దిగా ఉప్పు కలుపుతూ పోండి. ఒక దశలో గుడ్డు అటు కిందికి దిగకుండా, ఇటు పైకి తేలిపోకుండా నీళ్ల మధ్యలోనే నిలిచిపోతుంది. అప్పుడు గ్లాసును బల్లమీద కాస్త గట్టిగా దించినా గుడ్డు చెక్కు చెదరదు!

సున్నితమైన వస్తువులను కుదుపుల నుంచి ఎలా కాపాడుకోవాలో వివరిస్తూ 1891లో ఓ రష్యన్ బడిపంతులు వ్యాసం రాశాడు. ఆ తర్వాత ఈ గుడ్డు ప్రయోగాన్నే ఉదాహరణగా చూపించాడు. పైకి దూసుకుపోయే రాకెట్టులో మనిషిని ఇలాగే ద్రవంలో ఉంచితే, ఆ వేగానికి పుట్టే ఒత్తిడిని తట్టుకుంటాడని ఆలోచించాడు. అప్పటికింకా ప్రపంచంలో విమానమే ఎగరలేదు!

ఆ పంతులుగారే కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ. రోదసి యాత్రలకు ఆద్యుడని ప్రపంచం గౌరవించే మనిషి. ఆయన ఏ కాలేజీ మెట్లూ ఎక్కలేదు. పదేళ్లయినా నిండకముందే చెవులు పోయాయి. మరి అంత చదువు ఎలా వచ్చింది? ఆ కథ తెలుసుకోవాల్సిందే.

అమ్మ పోయాక...

1857 సెప్టెంబరు 17న రష్యాలోని రియాజాన్ ప్రాంతంలో, ఇజెవ్‌స్కొయె అనే పల్లెటూళ్లో పుట్టాడు. తండ్రి ఎడువార్డ్ అడవుల శాఖలో ఉద్యోగి. తల్లి మరియా. సంసారం పెద్దది, రాబడి చిన్నది. అయినా ఆ తల్లి ఓసారి కొడుక్కి హైడ్రోజన్ నింపిన చిన్న బుడగ కొనిపెట్టింది. దారం కట్టిన ఆ బుడగ గాల్లో తేలుతుంటే పిల్లాడి ఆనందానికి అంతులేదు.

తొమ్మిది పదేళ్లప్పుడు, చలికాలంలో మంచుమీద జారుడుబండి ఆడి జలుబు తెచ్చుకున్నాడు. అది స్కార్లెట్ జ్వరంగా ముదిరింది. ప్రాణం దక్కింది గానీ వినికిడి దాదాపు పోయింది. తోటిపిల్లల మాటలు అందవు. వాళ్లు నవ్వితే ఎందుకు నవ్వుతున్నారో తెలియదు. బడిలో కూర్చున్నా పాఠం వినపడదు. అలాంటి బిడ్డకు తోడుగా నిలిచింది అమ్మే. అక్షరాలు నేర్పింది కూడా ఆమే. 1870లో ఆ అమ్మ కూడా కన్నుమూసింది. పిల్లాడికప్పుడు పదమూడో ఏడు.

అప్పటికి వాళ్ల కాపురం వ్యాత్కా అనే ఊళ్లో. బడి చదువు సాగలేదు. ఇంట్లో నాన్న పుస్తకాలు కొన్ని ఉన్నాయి. లెక్కలు, ప్రకృతి శాస్త్రం. చెప్పేవాళ్లు లేకపోయినా వాటినే తిరగేశాడు. అందులో చదివి, కోణాలు కొలిచే పరికరం ఒకటి సొంతంగా తయారు చేశాడు. ఇంట్లోంచి కదలకుండానే దూరంగా ఉన్న అగ్నిమాపక గోపురం ఎంత దూరమో లెక్క కట్టాడు. 400 అర్షిన్లు అని తేలింది. అంటే సుమారు 280 మీటర్లు. తర్వాత వెళ్లి కొలిచి చూస్తే... సరిగ్గా అంతే! పుస్తకంలో ఉన్నది నిజమేనన్న నమ్మకం ఆరోజు కుదిరింది. ఆ నమ్మకం ఆయనను జన్మంతా నడిపించింది.

నెలకు తొంభై కోపెక్కులు

కొడుకులోని తెలివిని తండ్రి గుర్తించాడు. 1873లో, పదహారేళ్ల ఆ చెవిటి కుర్రాణ్ని ఒంటరిగా మాస్కో పంపాడు. అక్కడ బట్టలుతికే ఒకావిడ ఇంట్లో చిన్న గది దొరికింది. కాలేజీలో చేరలేదు. చేరినా పాఠాలు వినపడవు కదా! ఏ ఫీజూ అడగని చెర్త్‌కోవ్ గ్రంథాలయం మాత్రం దొరికింది. పొద్దున తలుపులు తీసే వేళకు వెళ్లడం, మూసే వేళకు బయటికి రావడం... అదే ఆయన కాలేజీ.

మొదటి ఏడాది భౌతికశాస్త్రం, ప్రాథమిక గణితం. రెండో ఏడాది ఉన్నత బీజగణితం, కలన గణితం. అర్థం కాకపోతే అడగడానికి గురువు లేడు. మళ్లీ మొదటి పేజీకి వెళ్లాలి. అంతే!

ఇంటి నుంచి నెలకు పది, పదిహేను రూబుళ్లు వచ్చేవి. అందులో తిండికి ఖర్చు పెట్టింది ఎంతో తెలుసా? 90 కోపెక్కులు. రూబులుకు నూరు కోపెక్కులు కాబట్టి, ఒక్క రూబులు కన్నా తక్కువే! మూడు రోజులకోసారి రొట్టెల దుకాణానికి వెళ్లి తొమ్మిది కోపెక్కుల నల్లరొట్టె తెచ్చుకునేవాడు. రొట్టె, మంచినీళ్లు. మిగతా డబ్బంతా పుస్తకాలకు, గాజుగొట్టాలకు, పాదరసానికి, యాసిడ్‌కు. పాపం, మేనత్త అభిమానంతో మేజోళ్లు ఇస్తే, అవి లేకపోయినా నడవొచ్చు అనుకుని అమ్మేసి ఆ డబ్బుతో రసాయనాలు కొన్నాడు! యాసిడ్ చుక్కలు పడి ప్యాంటు నిండా పసుపు మచ్చలు, చిల్లులు. ప్యాంటును ఎలుకలు కొరికాయా అని వీధిపిల్లలు వెంటపడి వెక్కిరించేవాళ్లు.

ఆ గ్రంథాలయంలో పుస్తకాలు అందించే ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. పేరు నికొలాయ్ ఫ్యోదొరోవ్. మొహంలోనే దయ కనిపించేది. జీతంలో చాలావరకు పేదవాళ్లకు పంచేసేవాడు. ఆ రోజుల్లో అందరికీ ఇవ్వని పుస్తకాలు కూడా ఈ కుర్రాడి ముందు పెట్టేవాడు. ఆయన గొప్ప తత్వవేత్త అన్న సంగతి మన కుర్రాడికి అప్పట్లో తెలియదు.

మనిషి గాలి పొర దాటి పైకి వెళ్లడం ఎలా? ఆ ప్రశ్న పట్టుకున్నది మాస్కోలోనే. ఒక రాత్రి జవాబు దొరికినట్టే అనిపించింది. గిరగిరా తిరిగే బరువులతో పెట్టెను పైకి లేపొచ్చనుకున్నాడు. సంతోషం పట్టలేక రాత్రంతా మాస్కో వీధుల్లో తిరిగాడు. తెల్లారేసరికి లెక్కలో తప్పు తెలిసింది. ఆశ నీరుగారింది. ప్రశ్న మాత్రం వదల్లేదు.

1876లో తండ్రి ఇంటికి పిలిపించుకున్నాడు. తిండి లేక అంతగా చిక్కిపోయాడు మరి.

పెళ్లిరోజున లేత్ మిషన్!

ప్రైవేటుగా పరీక్ష రాసి పాసై, 1880లో బోరోవ్‌స్క్ అనే చిన్న ఊళ్లో లెక్కల టీచరుగా చేరాడు. తాను అద్దెకు దిగిన ఇంటి మతగురువు కూతురు వార్వారాను అదే ఏడు పెళ్లి చేసుకున్నాడు. పెళ్లిబట్టలు లేవు, విందు లేదు. ఇద్దరూ నాలుగు కిలోమీటర్లకు పైగా నడిచి చర్చికి వెళ్లి, నడిచే తిరిగొచ్చారు. పెళ్లికొడుకు ఆరోజు చేసిన మరో పని ఏమిటంటే, పొరుగాయన దగ్గర లేత్ మిషన్ కొనుక్కోవడం! కొత్త పెళ్లికూతురికి రాబోయే రోజులు ఎలా ఉంటాయో ఆ సాయంత్రమే అర్థమై ఉంటుంది.

1883లో ఆయన డైరీలాగా ఒక రచన చేశాడు. బరువే తెలియని చోట మనిషి ఎలా ఉంటాడు, ఎలా కదులుతాడు అనేది దాని విషయం. అలాంటి చోటును అప్పటికి ఏ మనిషీ చూడలేదు. 1887లో ఇల్లు కాలిపోయి పుస్తకాలు, కాగితాలు బూడిదయ్యాయి. 1892లో కలూగాకు బదిలీ. అక్కడ దాదాపు ఇరవై ఏళ్లు బాలికల పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పాడు. పిల్లల మాటలు వినడానికి రేకుతో తనే గొట్టాలు చేసుకున్నాడు. చూడ్డానికి మనం సీసాలో నూనె పోసుకునే గరాటులా ఉంటాయి, కాకపోతే బాగా పెద్దవి.

గాలి ఊదిన బుడగను కట్టకుండా వదిలేస్తే ఏమవుతుంది? గాలి వెనక్కి తన్నుకొస్తుంటే బుడగ ముందుకు దూసుకుపోతుంది. రాకెట్టుకు ఆధారం అదే. మండిన వాయువు ఎంత వేగంగా వెనక్కి వెళితే, మొత్తం బరువులో ఇంధనం వాటా ఎంత ఎక్కువైతే, రాకెట్టుకు అంత వేగం. ఈ లెక్కను ఆయన 1897లో సూత్రంగా రాసుకున్నాడు. 1903లో ఒక పత్రికలో అచ్చయింది. రాకెట్టులో ద్రవ హైడ్రోజన్‌ను, ద్రవ ఆక్సిజన్‌ను వాడొచ్చని కూడా అందులోనే చెప్పాడు. రైట్ సోదరుల విమానం నేలను విడిచింది అదే ఏడు డిసెంబరులో!

రెక్కల రాకెట్టు, పెరటి మొక్క

పైకి వెళ్లడం సరే, అక్కడ బతకడం ఎలా? చాలామంది ఊహించని ఈ సంగతిని ఆయన గృహస్థు బుద్ధితో ఆలోచించాడు. మూసిన గదిలో జనం ఉంటే గాలి పాడవుతుంది. దాన్ని శుభ్రం చేసేదెవరు? మొక్కలు! మనం వదిలే గాలిని అవి తీసుకుంటాయి, మనకు కావలసిన గాలిని, తిండిని అవి ఇస్తాయి. అందుకే వ్యోమనౌకలో ఎండ పడే పెద్ద తోట ఉండాలన్నాడు. 1920లో వచ్చిన ఆయన నవలలోనూ అలాంటి తోట కనిపిస్తుంది.

1926లో రోదసికి వెళ్లడానికి మెట్టుమెట్టుగా ఒక ప్రణాళిక రాశాడు. మొదటి మెట్టు రెక్కలున్న రాకెట్ విమానం. దాని వేగం, ఎత్తు క్రమంగా పెంచుకుంటూ పోవాలి. తర్వాత నౌకలో మొక్కల పెంపకం, బయటికి రావడానికి గాలి నింపిన దుస్తులు, భూమి చుట్టూ తిరిగే ఇళ్లు. 1930లలో ఒక సినిమా కోసం వేసిచ్చిన బొమ్మల్లో, లోపలి గాలి పోకుండా మనిషి బయటికి వచ్చే రెండు తలుపుల గది కూడా ఉంది.

వార్వారా మోసిన బరువు

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇన్ని ఆలోచనలు చేసిన ఇంట్లో పొయ్యి వెలిగించింది ఎవరు? వార్వారా. ఏడుగురు బిడ్డల్ని కన్నది. చాలీచాలని జీతంలోంచి పుస్తకాల అచ్చుకు కూడా డబ్బు పోయేది. పసివాడు లియోంతి 1893లో కోరింతదగ్గుతో పోయాడు. మాస్కోలో చదువుకుంటున్న పెద్దకొడుకు ఇగ్నాతి 1902లో ఆత్మహత్య చేసుకున్నాడు. మనమంతా గొప్పగా చెప్పుకునే వ్యాసం అచ్చయింది ఆ మరుసటి ఏడే! 1908లో ఓకా నది వరద ఇంట్లోకి వచ్చింది. ఏడుగురిలో అయిదుగురు తల్లిదండ్రుల కళ్ల ముందే పోయారు. మిగిలింది ఇద్దరు కూతుళ్లు, ల్యుబోవ్, మరియా. వాళ్లలో పెద్దామె ల్యుబోవ్ తండ్రి రాతపనుల్లో చేదోడుగా ఉండేది.

కుటుంబాన్ని అన్నిటికన్నా చివర పెట్టానని, దానివల్ల భార్యాబిడ్డలు కష్టపడ్డారని ఆయనే చివరి రోజుల్లో రాసుకున్నాడు. ఆ ఒప్పుకోలు నిజాయితీ గలదే. కానీ అప్పటికి ఆలస్యమైంది. రాకెట్ సూత్రానికి ఈరోజు ఆయన పేరుంది. ఆ సూత్రంలో వార్వారాకు ఒక్క అక్షరమూ లేదు. ఆయన గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఈ మాట కూడా చెప్పుకోవాలి.

1921లో ప్రభుత్వం జీవితకాలం పింఛను ఇచ్చింది. గౌరవాలు ముసలితనంలో వచ్చాయి. 1935 సెప్టెంబరు 19న, కలూగాలో, కడుపులో కేన్సర్‌తో కన్నుమూశాడు. భర్త పోయాక వార్వారా మరో అయిదేళ్లు బతికింది.

ఆయన రాసింది అయింది

1957లో స్పుత్నిక్ ఎగిరింది. 1961లో గగారిన్ వెళ్లొచ్చాడు. అదే ఏడు కలూగాలో సియోల్కోవ్‌స్కీ పేరిట కట్టే మ్యూజియానికి గగారినే పునాదిరాయి వేశాడు. 1965లో లియొనోవ్ తలుపుల గదిలోంచి శూన్యంలోకి అడుగుపెట్టాడు. 1981 నుంచి 2011 దాకా అమెరికా రెక్కల నౌకలు రోదసికి వెళ్లొచ్చాయి. 2015లో రోదసి కేంద్రంలో పెంచిన ఆకుకూరను వ్యోమగాములు తిన్నారు. మన శ్రీహరికోట నుంచి 2016లో రెక్కలున్న నౌక నమూనాను పరీక్షించారు. 2021లో మన తెలుగు అమ్మాయి బండ్ల శిరీష రాకెట్ విమానంలోనే అంత ఎత్తుకు వెళ్లొచ్చింది.

వీటన్నిటి వెనకా ఎక్కడో ఓ మూల, చిల్లుల ప్యాంటుతో గ్రంథాలయం బెంచీమీద కూర్చున్న ఓ చెవిటి కుర్రాడున్నాడు. బడి వదిలేసిన పిల్లాణ్ని ఆ పుస్తకాలు వదల్లేదు. మీ ఊళ్లోనూ గ్రంథాలయం ఉండే ఉంటుంది. ఈ ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. వాళ్లకోసం ఒక పుస్తకం తీయండి. మీకోసం కూడా ఒకటి తీసుకోండి. వార్వారాకు ఆ తీరిక దొరకలేదు!