ఉప్పునీటి రహస్యము – స్వాంటే అర్హీనియస్ జీవితము

ఆమ్లము నీటిలో కరగినపుడు ఉదజని అయానుల నిచ్చుననియు, క్షారము హైడ్రాక్సిల్ అయానుల నిచ్చుననియు, ఈ రెండును కలసినచో నీరును లవణమును ఏర్పడుననియు ఉన్నత పాఠశాలలో చదువు ప్రతి విద్యార్థియు నెరుగును. ఒక్క వాక్యములో ముగియు నీ పాఠము వెనుక ఒక యువకుని సాహసము కలదు. ఆ సాహసమును సరిగా తూచలేకపోయిన పరీక్షకుల కథయు కలదు. ఆ యువకుడు స్వీడన్ దేశీయుడగు స్వాంటే అర్హీనియస్.

అతడు 1859వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన ఉప్సాలా నగరమునకు సమీపమున నున్న వీక్ అను చోట జన్మించెను. తండ్రి ఉప్సాలా విశ్వవిద్యాలయమున భూములు కొలుచు ఉద్యోగి. బాలుడు మూడేండ్ల ప్రాయమున తనంతట తానే చదువ నేర్చెననియు, తండ్రి జమాఖర్చుల పుస్తకములలోని అంకెలు చూచి చూచి లెక్కలలో నేర్పరియయ్యెననియు చెప్పుదురు. 1876లో పాఠశాల విద్య ముగించి, ఉప్సాలా విశ్వవిద్యాలయమున చేరెను.

అచట రసాయనశాస్త్రాచార్యుడు పెర్ టియోడార్ క్లీవ్. 1879లో హోల్మియం, థూలియం అను మూలకములను కనుగొన్న ఘనుడు. పదార్థములను శుద్ధిచేసి, వేరుపరచి, వర్ణించుట ఆయన మార్గము. అర్హీనియస్ మనస్సు మాత్రము పదార్థములు అట్లేల ప్రవర్తించుననెడి ప్రశ్నవైపు మరలియుండెను. ఉప్సాలాలోని బోధన తనకు తృప్తి నీయకపోవుటచే, 1881లో స్టాక్‌హోమ్ నగరమునకు పోయి, సైన్సు అకాడమీలో భౌతికశాస్త్రజ్ఞుడగు ఎరిక్ ఎడ్లండ్ వద్ద పరిశోధన నారంభించెను.

అతడు చేపట్టిన సమస్య చూచుటకు మిక్కిలి సామాన్యమైనది. పొడి ఉప్పు విద్యుత్తును ప్రసరింపనీయదు. శుద్ధమగు నీటిలోను విద్యుత్తు దాదాపు ప్రసరింపదు. కాని ఆ ఉప్పును ఆ నీటిలో కరగించినచో విద్యుత్తు చక్కగా ప్రవహించును. ఉప్పునకు బదులు పంచదారను కరగించినచో ప్రవహింపదు. ఈ భేదమునకు కారణమేమి? ద్రావణములో విద్యుత్తును మోయు కణములకు 1834లోనే ఫారడే అయానులని పేరుపెట్టి యుండెను. అయితే విద్యుత్తు ప్రవేశించిన పిదపనే అణువులు చీలునని పలువురి తలంపు.

అర్హీనియస్ పలుచని ద్రావణములను పెక్కింటిని తీసికొని వాని విద్యుద్వాహకశక్తిని ఓర్పుతో కొలిచెను. ద్రావణమును పలుచన చేసిన కొలదియు, కరగియున్న పదార్థముయొక్క పాలు ఒక్కింటికి వాహకశక్తి పెరుగుచున్నట్లు కనుగొనెను. కరగిన అణువులలో కొన్ని మాత్రమే క్రియాశీలములై యుండుననియు, పలుచన చేసినపుడు వాని పాలు హెచ్చుననియు ఊహించెను. విద్యుత్తును బాగుగ ప్రసరింపజేయు ఆమ్లమే రసాయన చర్యలందును బలమైన ఆమ్లమగునని సూచించెను. 56 ప్రతిపాదనలతో, సుమారు 150 పుటల ఈ సిద్ధాంతవ్యాసమును 1884లో ఉప్సాలా విశ్వవిద్యాలయమున సమర్పించెను.

పరీక్షకులు దానిని త్రోసివేయలేదు, మెచ్చుకొనను లేదు. వ్యాసమునకు నాలుగవ శ్రేణియు, దానిని సభలో సమర్థించుకొన్న తీరునకు మూడవ శ్రేణియు ప్రసాదించిరి. ఆ శ్రేణులతో అదే విశ్వవిద్యాలయమున బోధకపదవి లభించుట దుర్లభము. ఇరువదియైదేండ్ల యువకుని భవిష్యత్తు అచటనే ముగియవలసి యుండెను.

అతడు నిరాశ చెందక, తన వ్యాసమును విదేశములలోని శాస్త్రజ్ఞులకు పంపెను. అట్లు పొందినవారిలో రీగా నగరమున ఆచార్యుడుగ నున్న విల్హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ ఒకడు. ఆయన ఆమ్లముల బలమును వేరొక మార్గమున, రసాయనచర్యల వేగమును బట్టి కొలుచుచుండెను. తన అంకెలును ఆ యువకుని అంకెలును ఒకే వరుసలో నడచుచుండుట చూచి ఆశ్చర్యపడి, ఆ యేటి ఆగస్టులోనే సముద్రము దాటి ఉప్సాలాకు స్వయముగ వచ్చెను. రీగాలో ఉద్యోగ మిత్తుననియు తెలిపెను. తండ్రి తీవ్ర వ్యాధిగ్రస్తుడై యుండుటచే అర్హీనియస్ పోలేకపోయెను. కాని ఇంతటివాడు వెదకికొని వచ్చిన పిదప, ఆ సంవత్సరాంతముననే ఉప్సాలా అతనికి బోధకపదవి నొసగెను. మరుసటి యేట తండ్రి మరణించెను.

1886 నుండి అర్హీనియస్ యూరపులోని పెక్కు ప్రయోగశాలలలో పనిచేసెను. 1887లో తన భావమును నిస్సంశయముగ ప్రకటించెను. విద్యుత్తు ప్రసరించినను ప్రసరింపకున్నను, లవణము నీటిలో కరగినంతనే అయానులుగ విడివడి యుండునని దాని సారాంశము. దీనికి బలమైన సాక్ష్యములు కలవు. సమసంఖ్యలో అణువులు కరగించినపుడు, పలుచని ద్రావణములలో ఉప్పు నీటి ఘనీభవన స్థానమును పంచదారకంటె దాదాపు రెట్టింపు తగ్గించును. ఒక ఉప్పు కణము రెండుగ విడినచో ఇట్లేగదా కావలయును! మరియు, బలమైన ఆమ్లమేదైనను, బలమైన క్షారమేదైనను, పలుచని ద్రావణములలో తుల్యభారములు కలిపినపుడు పుట్టు ఉష్ణము ఒక్కటియే, సుమారు 13,700 కెలొరీలు. ఏలయనగా అన్నిట జరుగు చర్య ఒక్కటియే. ఉదజని అయాను హైడ్రాక్సిల్ అయానుతో కూడి నీరగుట. సమాన గాఢతగల హైడ్రోక్లోరికామ్లములో జింకుముక్క వడిగా బుడగలు విడువగా, ఎసిటికామ్లములో మెల్లగ విడుచుటకును ఇదియే కారణము. మొదటిది దాదాపు పూర్తిగ విడిపోవును. రెండవది స్వల్పముగ మాత్రమే విడిపోవును.

ఆక్షేపణలకు కొదువ లేకపోయెను. సోడియం నీట పడినచో భగ్గుమనును, క్లోరిన్ విషవాయువు. ఇవి ఉప్పునీటిలో శాంతముగ నెట్లుండునని పలువురు ప్రశ్నించిరి. విద్యుదావేశముగల కణము, ఆవేశములేని పరమాణువు స్వభావమున వేరని అర్హీనియస్ సమాధానము. 1897లో థామ్సన్ ఎలక్ట్రానును కనుగొన్న పిదప ఈ సమాధానమునకు బలము చేకూరెను.

1903లో అతనికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఆ బహుమానము పొందిన తొలి స్వీడన్ దేశీయుడతడే. నాడు రసాయనశాస్త్ర నోబెల్ సంఘమునకు అధ్యక్షుడెవరు? పూర్వపు గురువగు క్లీవ్! తన సంస్థ యొకనాడిచ్చిన నాలుగవ శ్రేణిని దిద్దుకొను భాగ్యము ఆ వృద్ధాచార్యునికి దక్కెను.

అయితే చరిత్ర ఇంకొక పాఠమును నేర్పుచున్నది. మూలకముల ఆవర్తన పట్టికను రచించిన మెండెలీవ్ అయానుల సిద్ధాంతమును అంగీకరింపలేదు. 1906లో నోబెల్ సంఘము ఆయన పేరును సూచింపగా, అది నెగ్గకుండుటకు అర్హీనియస్ తన పలుకుబడిని వినియోగించెనని చరిత్రకారులు వ్రాసిరి. మరుసటి యేట మెండెలీవ్ బహుమానము పొందకయే మరణించెను. తూకమున అన్యాయమునకు గురియైనవాడు త్రాసు తన చేతికి వచ్చినపుడు తప్పక న్యాయము చేయునని నమ్మరాదు.

అర్హీనియస్ దృష్టి గాజుగ్లాసుకే పరిమితము కాలేదు. వాయుమండలమున బొగ్గుపులుసు వాయువు రెట్టింపైనచో భూమి వేడి 5 లేక 6 డిగ్రీలు పెరుగునని 1896లో లెక్క కట్టెను. నేడా వాయువు పెరుగుచున్నది. సముద్రజలమున కరగి కార్బోనికామ్లమై ఉదజని అయానుల నిచ్చుచున్నది. అతని రెండు పరిశోధనలును నేటి సముద్రములలో కలిసికొనినవి.

1927 అక్టోబరు 2వ తేదీన స్టాక్‌హోమ్‌లో అతడు కన్నుమూసెను. అమ్మోనియావంటి క్షారములను వివరించుటకు అతని నిర్వచనము చాలకపోగా, 1923లో బ్రాన్‌స్టెడ్, లౌరీలు దానిని విస్తరించిరి. అయినను పాఠశాలలో ఆమ్లక్షారముల తొలి మెట్టు నేటికిని అర్హీనియస్ వేసినదే. విద్యార్థి వ్రాసిన వింత సమాధానముపై ఎర్రసిరా గీత పెట్టబోవు ఉపాధ్యాయుడు, ఆ నాలుగవ శ్రేణిని ఒక్క క్షణము స్మరించుట మేలు.